కిటికీలో జానెడు వెలితి

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరి కలమైనా కాస్త ఉదారంగానే సాగుతుంది. ఆయన విషయంలో ఆ భయం లేదు. ఆయన కళ్ళు నిజంగానే చిన్నవి. ఎండలో పని చేసి చేసి సగం మూసుకుపోయి, దేన్ని చూసినా అనుమానంగా చూస్తున్నట్టు ఉండేవి. అసలు ఆయన కంటిని నమ్మే మనిషి కాడు, చెవిని నమ్మేవాడు.

ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో తట్టేవాడు. కుండ, తలుపు, బండి చక్రం, ఆఖరికి మా పత్తి మండీకి వచ్చిన పెద్దమనిషి ట్రంకుపెట్టె. కింద మూడుసార్లు, నడుమ మూడుసార్లు, పైన మూడుసార్లు. తట్టి, తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకసారి మా గుమాస్తా భోంచేసి వచ్చి వక్క నములుతూ కూర్చుంటే ఆ వీపు మీద కూడా అలాగే తట్టి, "నిండుగా ఉండాదప్పా, భయంలేదు" అన్నాడు. ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే గుమాస్తా పొలమారేదాకా నవ్వాడు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

కర్నూలు బజారులో ఆయనను కిటికీల సాయిబు అనేవాళ్ళు. ఆయన అసలు పేరు నాకు తెలుసు. రాయను. ఆ పేరును నడిబజారులో నేలపాలు చేసినవాణ్ణి నేనే. మళ్ళీ నా చేత్తోనే దాన్ని కాగితం మీదికి ఎక్కించడానికి సిగ్గుగా ఉంది.

ఊరు కోడుమూరు. వాళ్ళది దూదేకుల ఇల్లు. తండ్రి ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఈయన వడ్రంగం నేర్చాడు. నేర్చి, మంచాలూ కాడిమాన్లూ చేసుకుని బతకొచ్చు గదా? చెయ్యలేదు. ఆయన చేసింది ఒకటే వస్తువు, తుపాకీ గుండును ఆపే కిటికీ.

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో పార్టీ పగలు ఎక్కువ. పగబట్టినవాడు పల్లెలో దొరక్కపోతే, పత్తి అమ్ముకోవడానికి కర్నూలు ఎప్పుడొస్తాడా అని చూసేవాళ్ళు. మండీ ఎదురుగా కాపు కాసి నాటు తుపాకీ పేల్చేవాళ్ళు. ఆ తుపాకీకి రైతెవరో శెట్టెవరో ఏం తెలుసు? మా పక్క మండీలో గద్దె మీద కూర్చున్న మనిషే అలా పోయాడు. పదోరోజు కర్మ కూడా కాకముందే మా నాయన కోడుమూరుకు కబురు పంపాడు.

మా మండీ వీధి కిటికీ పెద్దది. కుడి సగం తెరిచే రెక్క, రైతులతో మాటామంతీకి. ఎడమ సగం ఎప్పుడూ తెరవని బిగింపు. గుమాస్తా దాని చాటున కూర్చుని రాసుకునేవాడు. ఆ ఎడమ సగాన్ని సాయిబు కొత్తగా కట్టాలి.

"కడప బండ దింపితే సరిపోదా సాయిబూ? గట్టిగా ఉంటాది గదా" అన్నాడు మా నాయన.

"బండ మొండిది పెద్దశెట్టీ. గుండు తగిల్తే పగుల్తాది. పగిలి, ఆ ముక్కలే నీ కంట్లో పడ్తాయి. మా నాయన దూది ఏకేటోడు. మెత్తనిదానికే దెబ్బ తినే ఓపిక ఉంటాది, నాకు ఆ ఇంట్లోనే తెలిసింది."

"అయితే దూదే కూరు. మాకేం కొదవ!"

"దూది పెడ్తే గుండు ఆగుతాది, నిప్పు ఆగదు. పత్తి మండీలో ఆ ఎగతాళి వద్దు. ఇసుక పోస్తా."

అదే ఆయన విద్య. తుమ్మ పలకలు రెండు వరుసలు, వాటి మధ్య నాలుగు వేళ్ళ సందు, ఆ సందు నిండా ఇసుక. ఎండాకాలం హంద్రీ ఏట్లో తవ్వి, మూడు మాట్లు జల్లెడ పట్టి, ఎండబెట్టిన ఇసుక. బయటినుంచి చూస్తే మామూలు చెక్క కిటికీ. లోపలివైపు, పైన, ఇసుక పోయడానికి ఒక చిన్న తొర్ర, దానికొక చెక్క బిరడా.

కట్టడం అయిన రోజు సాయిబు దాని వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. చెంబుడు మజ్జిగ తెప్పించుకున్నాడు. సగం తాగి, చెంబు పక్కన పెట్టి, "ఊఁ, కాల్చు పెద్దశెట్టీ" అన్నాడు.

మా నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక వేటగాణ్ణి తుపాకీతో సహా పిలిపించి ఉంచాం, అతనితో కాల్పిద్దామని. సాయిబు ఒప్పుకోలేదు. "కిటికీ ఎవరిదో వాళ్ళే కాల్చల్ల. నమ్మకం ఉంటే కాలుస్తావు. లేకుంటే ఇప్పుడే పీకేసి పోతా" అన్నాడు. మా నాయన చీమను తొక్కడానికి కూడా వెనకాడే మనిషి. తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు, మీసం వచ్చింది, బుద్ధి రాలేదు. ఆ బరువు చేతికి తగిలేసరికి నాకు సంబరమే అయింది. వీధికి అవతలినుంచి కాల్చాను.

పొగ పోయాక పరుగెత్తి వెళ్ళి చూస్తే, సాయిబు మిగతా సగం మజ్జిగ తాగుతున్నాడు.

"పులుపు చాల్లేదు చిన్నశెట్టీ" అన్నాడు.

గుండు పడ్డచోట ముందుపలకలో బొటనవేలు పట్టేంత బొక్క. ఇసుక రాలకుండా దాని అడుగున చెక్కముక్క దిగ్గొట్టాడు, పైన మాత్రం పూడ్చనివ్వలేదు. అది తన ముద్ర అనేవాడు. బజారులో ఆయన కట్టిన ప్రతి కిటికీకీ ఆ ముద్ర ఉండేది, ప్రతిదాని వెనకా ఆయన సగం చెంబు మజ్జిగతో కూర్చున్నాడు.

అయితే ఇసుకకు ఒక గుణం ఉంది. అది దిగుతుంది. పత్తి బండ్లు ఇనుప కమ్ముల చక్రాలతో వీధిలో రోజంతా తిరుగుతుంటే గోడలు అదురుతాయి, ఇసుక అణగి అణగి కిందికి పోతుంది, పైన వెలితి పడుతుంది. అందుకని ఏడాదికొకసారి, కొత్త పత్తి దిగకముందు, సాయిబు గాడిదను తోలుకుని వచ్చేవాడు. ఇసుక మూటలు కింద, వాటిమీద నాలుగు దూది మూటలు. బజారంతా ఆయన పరుపులు కుట్టడానికి వచ్చాడనుకునేది. మండీ లోపలికి వచ్చి తలుపు వేయించి, చెక్కకు చెంప ఆనించి, కిందినుంచి పైకి తట్టుకుంటూ పోయేవాడు. చప్పుడు మారినచోట వేలు ఆపి, "ఈడిదాకా దిగింది" అని, బిరడా తీసి ఆ మేరకు పోసేవాడు. దాన్ని కిటికీకి మేత వేయడం అనేవాడు.

ఈ సంగతి ఎవరి ఇంటిది వాళ్ళకే తెలుసు. ఒకసారి మా ఎదురుగానే ఒక షావుకారు, "ఏం సాయిబూ, శెట్టి కిటికీలో ఏం కూరినావు? నాకూ అదే కూరు" అని అడిగాడు.

"కట్టేంతవరకే అది నాది. కట్టినాక ఇంటాయనది. లోపల ఏముండాదో ఇంటాయన చెప్పల్ల. నేను చెప్తే దొంగకు దోవ చూపినట్లు" అన్నాడు.

నిజమే. పైన వెలితి పడుతుందని నలుగురికీ తెలిస్తే, తుపాకీ పట్టినవాడు పైకే గురి పెడతాడు. అందుకే ఆయన ఆ మాట మీద అంత మొండిగా ఉండేవాడు. అప్పట్లో నాకది చాదస్తంగా కనిపించేది.

మా నాయన పోయాక మండీ నా చేతికి వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు నాకు హంగులమీద మోజు పట్టుకుంది. ఆ ఏడు జిల్లా కలెక్టరు దొర మండీలు చూడటానికి వస్తున్నాడని తెలిసి, గోడలకు రంగు వేయించాను. కిటికీ లోపలివైపు పైఅంచున పూలు చెక్కిన టేకు పట్టీ కొట్టించి వార్నిష్ పూయించాను. ఆ పట్టీ కింద బిరడా మూసుకుపోయింది. దొర వచ్చే రోజునే సాయిబు గాడిదతో దిగాడు.

"ఈ పొద్దు కాదు, పో పో. దొర వస్తాండాడు, నీ గాడిద ఈడ పేడేస్తే నా మర్యాద ఏం కావల్ల?" అన్నాను.

పోయాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. పట్టీ చూసి, తట్టి, "దీన్ని పీకల్ల చిన్నశెట్టీ. నాలుగు వేళ్ళు దిగింది" అన్నాడు. చేత్తో కొలత పెట్టి చూపించాడు. నాకు నవ్వొచ్చింది.

"నీ కిటికీ తిండిపోతు సాయిబూ. పన్నెండేండ్లనుంచి ఒక్క గుండూ తినలే, ఏటేటా మేత మాత్రం తింటాంది."

గుమాస్తా కూడా నవ్వాడు. సాయిబు నవ్వలేదు. "కడుపు ఖాళీగా ఉన్నా నిలబడ్తాది చిన్నశెట్టీ. చూసేదానికి కిటికీ మాదిరే ఉంటాది. ఆపేదే ఉండదు" అన్నాడు. నేను వినలేదు. మరుసటి ఏడూ వచ్చాడు. పట్టీ పీకితే వార్నిష్ చెడుతుందని ఆ ఏడూ పంపేశాను. వెళ్ళేటప్పుడు ఒకసారి పైకి తట్టి విని, చేత్తో జానెడు చూపించాడు.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటేడు, మిట్టమధ్యాహ్నం, ఒక పెద్దరైతు పత్తి తూయించుకుని మండీలో నిలబడి ఉన్నాడు. గుమాస్తా చీటీ రాసి, అందివ్వడానికి లేచాడు. ఎదుటి అరుగు మీదనుంచి రైతు పగవాడు పేల్చాడు. గురి తప్పిన గుండు కిటికీ ఎడమ సగం పైభాగంలో దూరి, రెండు పలకల్నీ దాటి, నా టేకు పూలను చీల్చుకుని, గుమాస్తా కుడి భుజంలో దిగింది. రైతుకు ఏమీ కాలేదు. గుమాస్తా ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు. ఎముక పొడైపోయి, ఆ చెయ్యి భుజానికి వేలాడుతూ ఉండిపోయింది.

మూడోరోజు సాయిబు వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు, కోడుమూరునుంచి నడిచి వచ్చాడు. అప్పుడు మండీలో బజారులోని షావుకార్లూ, రైతులూ, ఇద్దరు కానిస్టేబుళ్ళూ, గుమాస్తా తమ్ముడూ ఉన్నారు. ఎవరినీ పలకరించకుండా కిటికీ దగ్గరికి పోయి తట్టాడు. కింద నిండుగా, నడుమ నిండుగా, పైన డొల్ల. చీలిన టేకు పట్టీని, దాని కింద బిరడాను వేలితో తడిమాడు.

"ఏం సాయిబూ, గుండును ఆపుతాదంటివి గదా. ఏం పెట్టినావు దీంట్లో? వడ్లపొట్టా?" అన్నాడు ఒక షావుకారు.

గుమాస్తా తమ్ముడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. "మా అన్న చెయ్యి తినేస్తివి గదరా! చెప్పు, ఎట్ల దూరింది గుండు?"

సాయిబు చొక్కా విడిపించుకోలేదు. నా వైపు చూశాడు.

"ఇంటాయన్ను అడగండప్పా" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నాకు ఒక్క మాట చాలు. "నేనే రెండేండ్లు మేత వేయనీలే" అంటే సరిపోయేది. ఇసుక అనే పేరు కూడా ఎత్తక్కరలేదు. "సాయిబు తప్పు లేదు, నాది" అన్నా చాలు. నోటిదాకా వచ్చింది. గుమాస్తా తమ్ముడి చెయ్యి సాయిబు చొక్కామీద ఉంది. ఆ చెయ్యి నా చొక్కామీదికి వస్తుందని భయం వేసింది. ఇంకా ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, భయం కన్నా పరువు ఎక్కువ అడ్డం వచ్చింది. దొరతో చేయి కలిపిన శెట్టిని నేను.

"నాకేం తెలుసు? కట్టినోనికే తెలియాల" అన్నాను.

ఆయన చిన్నకళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. తల పక్కకు వంచి, చెక్కను వినేటప్పుడు ఎట్లా వింటాడో అట్లా నా మాటను విన్నాడు. ఆ చప్పుడు ఆయనకు అర్థమైంది. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మొదట ఆయన మీద తుపాకీతో కాల్చినప్పుడు మధ్యలో ఇసుక ఉంది. ఈసారి ఏమీ లేదు.

బజారులో నెల తిరక్కుండా ఒక్కొక్కరే ఆయన కిటికీలు పీకించేశారు. ఏటేటా మేత పేరు చెప్పి ఏం మోసం చేశాడో అని తిట్టుకుంటూ ఇనుప రేకులు బిగించుకున్నారు. నేను మాత్రం పీకించలేదు. బొక్క మీద రేకు కొట్టించి ఉంచేశాను. అంత నష్టపోయి కూడా ముసలాయన పనితనాన్ని పారేయలేదని నన్ను నలుగురూ మెచ్చుకున్నారు. ఆ మెప్పును కూడా ఇంతైనా సిగ్గు లేకుండా తీసుకున్నాను.

సాయిబు మళ్ళీ తండ్రి పనికే పోయాడు, ఏకుడువిల్లు భుజాన వేసుకుని. అప్పుడప్పుడు మా వీధినే పోయేవాడు. గుమాస్తా ఎడమచేత్తో రాయడం నేర్చుకుని మళ్ళీ పనిలో చేరాడు. సాయిబు కనబడితే చాలు, కలం పక్కన పెట్టి వీధిలోకి వచ్చేవాడు.

"నీ చెయ్యి పడిపోను! నీ ఇంట్లో దీపం ఆరిపోను! నవ్వుకుంటా నా వీపు తట్టిన చెయ్యి గదా అది!"

ఆయన అట్లాగే నిలబడి, తిట్లు అయిపోయేదాకా తల వంచి విని, వెళ్ళిపోయేవాడు. వేరే వీధినుంచి పోవచ్చు గదా అని నాకు కోపం వచ్చేది. నేను చెప్తానని వస్తున్నాడేమో అని అప్పుడు తోచలేదు. తోచిందేమో, తోసేశాను. ఒకసారి బండి ఎక్కి కోడుమూరు దాకా పోయాను కూడా. వాళ్ళ ఇంటి సందు మొదట దిగి, పత్తి ఎట్లుందో రైతుల్ని నాలుగు మాటలడిగి తిరిగొచ్చాను. దొంగకు తేలు కుట్టినట్టు ఏడేళ్ళు గడిపాను.

ఈ ఏడు కొత్త పత్తి ఇంకా దిగలేదు. మొన్న పొద్దున మండీ ముందు గాడిద ఆగింది. మీద దూది మూటలు. తోలుకొచ్చింది సాయిబు కాదు, నలభై ఏళ్ళ ఆడమనిషి. కళ్ళు చూడగానే ఎవరి కూతురో తెలిసింది.

"మా నాయన పోయినాడు శెట్టీ. నలభై దినాలైంది. శెట్టి కిటికీ కడుపు ఖాళీగా ఉండాది, పోసి రా అని చెప్పినాడు పొయ్యేముందు."

దూది మూటలు తీస్తే కింద ఏడు ఇసుక మూటలు. ఏడెందుకని అడిగాను.

"ఏటికొకటి. వానలు పడకముందే హంద్రీకి పోయి తెచ్చి, జల్లించి, ఎండబెట్టి, మూట గట్టి పెట్టేటోడు. ఈయేడు పిలుస్తాడులే అనేటోడు."

నేనే పీట వేసుకుని ఎక్కాను. పూలపట్టీని నా చేత్తోనే పీకి, దాని కింద పలకలో ఉన్న గుండు బొక్కకు రేకు కొట్టాను. ఆమె తండ్రిలాగే చెంప ఆనించి, తట్టి, విని, చప్పుడు మారినచోట వేలు ఆపింది. రెండు మూటలు పట్టింది. ఆమె బిరడా కొట్టి దిగుతుంటే నా నోరు ఆగలేదు.

"తల్లీ, ఆ పొద్దు తప్పు మీ నాయనది కాదు. నేనే పోయనీలేదు. నేనే..."

"తెలుసు శెట్టీ. మా నాయనకూ తెలుసు. ఆ పట్టీ మీద చెయ్యి పెట్టినప్పుడే తెలిసినాదంట." కొంగుతో చేతుల ఇసుక తుడుచుకుంది. "నాకు చెప్తే ఏమొస్తాది? ఆ పొద్దు యాడ నిలబడి అంటివో ఆడ నిలబడి చెప్పు."

మిగిలిన ఐదు మూటలు అక్కడే దించి, గాడిదను తోలుకుని వెళ్ళిపోయింది. మజ్జిగ తాగి పొమ్మంటే తాగలేదు.

నిన్న మధ్యాహ్నం చెప్పాను. అదే కిటికీ పక్కన నిలబడి, ఇరుగుపొరుగు షావుకార్లను పిలిపించి, రైతులు వింటుండగా చెప్పాను. ఎవరూ నా చొక్కా పట్టుకోలేదు. ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు శెట్టీ అన్నాడొకాయన. ఇంకొకాయన ముక్కుపొడుంకాయ తీశాడు. ఏడేళ్ళు నేను భయపడింది వీళ్ళకా అనిపించింది. ఒక్కొక్కరే లేచి పోయారు.

గుమాస్తా మాత్రం కలం పట్టుకున్న ఎడమచేతినే చూసుకుంటూ కూర్చున్నాడు.

"నా చెయ్యి సంగతి పోనీండి శెట్టిగారూ" అన్నాడు. "ఏడేండ్లు కనపడినప్పుడల్లా ఆ మనిషిని తిడ్తిని. ఇంట్లో దీపం ఆరిపోవల్లంటిని. ఆయన బతికుండంగా ఈ మాట చెప్పింటే, పోయి కాళ్ళు పట్టుకుని నా తిట్లు నేను వెనక్కి తీసుకుందును గదా. ఇప్పుడు అవి ఎవరికి పోవల్ల?"

"నాకే" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా మా ఉప్పు తింటున్నాడు. ఎడమచేత్తో కలం సిరాలో ముంచి, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాడు.